కోళ్ల పేర రాసిచ్చిన పుణ్యం

శితాన్ కొండ

చెల్లెలు యూఛిన్‌కు, గ్వానిన్ తల్లి నిన్ను చల్లగా చూడాలి.

అమ్మ పెంచిన నల్లకోళ్ల సంగతి రాస్తున్నాను. పొదిగే పెట్ట కింద గుడ్లు మాయమవుతున్నాయి. పెంకు కూడా మిగలడం లేదు. ఇవి పోతే అమ్మ కాపాడిన ఆ జాతి ఈ కొండ మీద ఇక ఉండదు. తోటంతా తిరిగే కోళ్లు, గంప కింద మూసిపెట్టలేను. గూటి కన్నాలు రాళ్లతో పూడ్చాను. నేలదేవుడికి అగరొత్తులు వెలిగించాను. నీ భజన బృందంతో నువ్వూ ప్రార్థించు.

అక్క,
వాన్‌మెయ్

తా.క. సరిగ్గా తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. నాకంటే బాగా తినేవారు ఇక్కడ ఇంకెవరో ఉన్నారు.

*

తైపేయ్

అక్కయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. మా గురువుగారితో చెప్పాను. ఉత్త జపం చాలదు, పట్టి అమ్మే ప్రాణులను కొని విడిచిపెట్టాలి, ఆ పుణ్యమే కోళ్లను కాస్తుంది అన్నారు. ఆదివారం అందరం వ్యాను మాట్లాడుకుని మీ కొండకే వచ్చాం. గోనెసంచులు విప్పి విడిచిపెట్టాం. వ్యానువాడు ఆగనన్నాడు, మీ ఇంటికి రాలేకపోయాను, తిట్టుకోకు. ఆ పుణ్యమంతా నీ కోళ్ల పేర రాసిచ్చాను.

నీ చెల్లెలు,
యూఛిన్

తా.క. ఎంత సంతోషంగా వెళ్లాయో అక్కా! నేరుగా మీ వెదురుపొదలోకే.

*

శితాన్ కొండ

చెల్లెలికి, తల్లి దీవెనలు.

ఇక్కడిదాకా వచ్చి గుమ్మం తొక్కకుండా పోయావని తిట్టడం లేదు. తిట్టే తీరిక లేదు. ఆదివారం దాకా గుడ్లే పోయేవి. ఇప్పుడు కోడిపిల్లలూ పోతున్నాయి. పెట్టలు జామచెట్టు దిగడం లేదు. గూటి తలుపు మీద నా చీపురుకట్ట కంటే పొడుగు కుబుసం వేలాడుతోంది. పక్కింటి ఆఫా బాబాయి దాన్ని కర్రతో ఎత్తి చూసి, "ఈయన మన ఊరివాడు కాదమ్మా" అన్నాడు. వెదురు కొట్టడానికి ఇక రానన్నాడు. నీ పుణ్యం ఇంకా చేరినట్టు లేదు. కాస్త త్వరపడు.

అక్క

తా.క. ఏం విడిచిపెట్టారో రాయలేదు. చేపలే అయ్యుంటాయి. వెదురుపొదలో నీళ్లు లేవు, పాపం.

*

తైపేయ్

అక్కయ్యకు నమస్కారాలు.

చేపల్ని ఎవరైనా గోనెసంచుల్లో తెస్తారా? మేం విడిచింది పాముల్ని. కంగారుపడకు, అవి మంత్రం విన్న పాములు. గురువుగారు ప్రతి సంచి దగ్గరా ఆగి చదివారు. అవి కోళ్ల జోలికి పోవు. నీ గూటికి వచ్చింది ఏదో చదువుకోని పాము. అయినా నీ మనశ్శాంతి ముఖ్యం. ఈ ఆదివారం పాముల్ని తినేవాటినే తెచ్చి విడుస్తున్నాం.

నీ చెల్లెలు

తా.క. డేగలు. పెద్దవే దొరికాయి.

*

శితాన్ కొండ

చెల్లెలికి, తల్లి దీవెనలు.

డేగలు చేరాయి. పాముల వైపు కన్నెత్తి చూడలేదు. పెద్దపెట్టను నా కళ్ల ముందే ఎత్తుకుపోయాయి. అగరొత్తి ఆరేదాకా గ్వానిన్ తల్లి ముందు కూర్చున్నాను. కోపం రాలేదు. ఒక దారి తోచింది.

ఈ ఉత్తరం ఆఫా బాబాయే నీ చేతికిస్తాడు. ఆయన వెనక ఉన్న గంపలు కూడా నీకే. మిగిలిన పెట్టలు, పుంజు అందులో ఉన్నాయి. మంత్రం చదివే పంపాను. మూతలు నీ చేత్తోనే తీయి. మీ ఆరో అంతస్తుకు పాము ఎక్కదు. బాల్కనీకి వల కడితే డేగా దిగదు. తిరగడం అలవాటైన కోళ్లు, గదుల తలుపులు తెరిచే ఉంచు. ప్రాణులను విడిచిన పుణ్యమంతా నీ పేరనే రాసిచ్చాను.

అక్క,
వాన్‌మెయ్

తా.క. ఒక్కటే మనవి. వాటి కోసం ఇంకే పుణ్యమూ చేయకు.