అవ్వంత బస్తా

డిసెంబర్ 1, ఉదయం 5.30
అవ్వ బరువు నలభై ఆరు కిలోలు. తుంటి ఆపరేషన్ అయ్యాక మేడమీది గదికే పరిమితం. నిన్న చర్చిలో ఆరాధనకని నలుగురం కుర్చీతో పద్నాలుగు మెట్లు దించితే, "శవపెట్టెల పెట్టి మోస్తున్నట్టే ఉన్నది బిడ్డా" అని ఏడ్చింది. క్రిస్మస్‌కు నేనొక్కడినే ఎత్తుకెళ్తానని మాటిచ్చాను.
ప్లాను: అప్పుడే కోసిన వడ్లు, ముప్పై ఆరు కిలోల బస్తా. ఎత్తుతూ, అవ్వంత బరువయ్యేదాకా రెండు రోజులకో కిలో పెంచాలి. తొందరపడకూడదు. దేవదాసు అంటే ఏమిటో కేసముద్రం చూస్తుంది!

డిసెంబర్ 3
ముప్పై ఏడు. పదిసార్లు లేపాను. పచ్చి వడ్లు బూజు పడతాయని మా ఆవిడ గ్రేస్ పగలంతా ఆరబోసి సాయంత్రం బస్తాకెత్తుతోంది. మంచిదే.

డిసెంబర్ 7
ముప్పై తొమ్మిది. మొదటి రోజుకంటే తేలిక! జబ్బ పట్టి చూడమన్నాను. "బట్టలు పిండేదున్నది, జరుగు" అంది గ్రేస్.

డిసెంబర్ 10
నిన్నటికి నలభై. ఇవాళ జఫర్‌గఢ్‌లో పెళ్లి. మటన్. కండలకు విశ్రాంతి కూడా కావాలి కదా.

డిసెంబర్ 12
చలి.

డిసెంబర్ 13
నడుం పట్టింది. (అబద్ధం. లేవబుద్ధి కాలేదు.)

డిసెంబర్ 14
ఎగ్గొట్టినవి కలిపి ఒకేసారి నాలుగు కిలోలు వేశాను. లేచింది! ఇక కిలో కిలో ఎవరికి కావాలి?

డిసెంబర్ 18
నలభై ఆరు! మూడు రోజులు సెలవు ప్రకటించుకున్నాను.

డిసెంబర్ 21, ఆదివారం
అవ్వతో రిహార్సల్. నాలుగో మెట్టు మీద అవ్వను ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాను. కిరాణం సంపత్ పరుగున వచ్చి అవ్వను పైకి చేర్చాడు. "బస్తా నీ మెడ పట్టుకోదు కొడుకా. నేను పట్టుకున్న గద" అంది అవ్వ, నన్ను ఓదార్చడానికి. సిగ్గుతో చచ్చిపోయాను.

డిసెంబర్ 22
అనుమానం వచ్చి బస్తాను కొనుగోలు కేంద్రంలో కాంటా ఎక్కించాను. నలభై ఒకటి! అక్కడ వడ్ల తేమ చూసే ఉద్యోగం నాదే. రైతు ప్రేమ్‌సింగ్ పక్కనే ఉన్నాడు. "సారూ, తేమున్నదని నన్ను మూడు రోజులు ఈడనే కూసోబెడితివి. నీ వడ్లు ఎండితే తూకం తగ్గదా?"
నేను కిలో వేస్తుంటే ఎండ అరకిలో తీసేసింది.

డిసెంబర్ 23
బస్తా మిల్లుకు పంపేశాను. రెండు ప్లేట్ల బిర్యానీ. అవ్వ గదిలోకి వెళ్లలేదు.

డిసెంబర్ 24
ఆపరేషనప్పుడు తెచ్చి, బట్టలు ఆరేయడానికి వాడుతున్న వాకర్‌ను గ్రేస్ ఖాళీ చేసి అవ్వ ముందు పెట్టింది. రోజూ కాలు మీద కొంచెం కొంచెం బరువు వేయాలని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. భయమని అవ్వ ముట్టలేదు. నేనూ అడగలేదు, ఎత్తుకుంటానని గొప్పలు పోవడంలోనే ఉన్నాను.
"వీడు పడగొట్టేదానికన్న నేను పడుడే నయం" అని అవ్వ లేచి నిలబడింది. నాలుగడుగులు వేసింది. నాకు ఏడుపొచ్చింది.

డిసెంబర్ 25, సాయంత్రం 4
ఆరాధనకు వెళ్లలేకపోయాం. నా మాట పోయింది. అవ్వ మాత్రం నా భుజం పట్టుకుని ఒక మెట్టు దిగి, అక్కడే కూర్చుని, వీధిలో పోయే వాళ్లందరినీ పలకరించింది.
"రేపు మూడు దిగుదాం."
"ఒకటే అవ్వా."
"బస్తాకైతే ఒక్కపారే నాలుగు కిలోలు ఏస్తివి గదరా."
కొత్త ప్లాను: రోజుకో మెట్టు. లెక్క ప్రకారం జనవరి 7న నేల మీద కాలు. అవ్వ జనవరి 1 అంటోంది. కుదరదన్నాను కానీ, నాకూ తొందరగానే ఉంది.