రెండు సీట్ల కారుకు చలికాలపు టైర్లు

కెంప్టెన్, అక్టోబరు 19

చెల్లీ ఇర్మ్‌గార్డ్,

ఈ రోజు కిటికీలన్నీ తుడిచాను, దుప్పట్లు ఉతికాను, ఆపిల్ జామ్ తొమ్మిది సీసాల్లో పట్టాను. ఇక నీ కార్డుకు జవాబు.

మీ బావ ఎర్ర కారు అక్టోబరు దాకే రోడ్డెక్కాలని దాని నంబరు పలక మీదే ఉంది. ఇన్నేళ్లూ చలికాలమంతా అది షెడ్డులో గుడ్డ కప్పుకుని పడుకునేది, ఆయన ఇంట్లో కూర్చుని నాతో పేకాడేవారు. వేసవి దానిది, చలికాలం నాది. ఇప్పుడు నువ్వేమో, "చలికాలపు టైర్లు కొనెయ్యి బావా, మంచులో మా కొండ మీదికొచ్చి నన్ను షికారు తిప్పు" అని ఆయనకు రాశావు.

ఆయన ఆ కార్డు నాకు చూపించి మరీ మురిసిపోయారు.

"మీ చెల్లెలు మలుపుల్లో పకపకా నవ్వుతుంది. నువ్వు తలుపు పట్టుకుని దండకం చదువుతావు," అన్నారు.

"మంచు మీద నడపడం మీకు వచ్చా?" అన్నాను.

ఆయన హాంబర్గ్ మైదానంలో పెరిగిన మనిషి. మన నాన్న పాలబండిని మంచులో కొండ దింపింది నేనేనని నువ్వు మరిచిపోయి ఉండవు.

అందుకని టైర్లు నేనే కొన్నాను, నంబరు పలక కూడా ఏడాదంతా తిరిగేదానికి మార్పించాను. చలికాలమంతా స్టీరింగు నాది, పక్క సీటు ఆయనది. మూడో సీటు లేదు కాబట్టి క్రిస్మస్‌కు నువ్వు బస్సులో రా.

ఆగస్టులో మీ ఇద్దరి షికారుకు నువ్వు పోయించిన పెట్రోలుకు ఇరవై యూరోలు ఈ కవరులో పెట్టాను. ఆ బాకీ తీరింది.

నీ అక్క