నెట్‌వర్కు కలిపింది నేనే

ఏప్రిల్ 9, గురువారం
మాక్ టెస్ట్ మధ్యలో, నేను చూసుకునే కాలేజీ నెట్ మొత్తం పడిపోయింది. ఆరు వందల మంది పిల్లలు, ఆరు వందల స్క్రీన్ల మీద తిరిగే చక్రం. అసలు పరీక్ష సోమవారం.

కేబుల్ తెగిందన్నారు. ల్యాబు పక్క మామిడి కొమ్మలు నిన్ననే కొట్టాడు మా ఎలక్ట్రీషియన్ యేసుదాసు బాబాయ్. "చూసి కొట్టక్కర్లేదా?" - ప్రిన్సిపాల్ గారు, అందరి ముందూ. బాబాయ్ తల దించుకుని, "చూశానండీ... చూశాననే అనుకుంటున్నానండీ."

కేబుల్ బాగానే ఉంది. నేను చూశాను. చెప్పలేదు.

ఏప్రిల్ 10, శుక్రవారం
భయం. అన్నం సహించలేదు.

నెట్‌వర్క్ స్విచ్‌లో ట్రాఫిక్ చూశాను. అంతా బ్రాడ్‌కాస్టే. పెళ్లి భోజనాల్లో ఒకడు "సుబ్బారావెవరండీ?" అని అరిస్తే వెయ్యి మందీ ముద్ద ఆపి తలెత్తినట్టు. ఇక్కడ వెయ్యి మెషీన్లూ ఒకేసారి అరుస్తున్నాయి. ఇక ఎవరు తింటారు?

మునుపు హాస్టళ్లు, ల్యాబులు, ఆఫీసు - దేని సబ్‌నెట్ దానిదే, ఒకదాని అరుపు ఇంకోదానికి వినపడేది కాదు. కలిపేసింది నేను. రెండేళ్ల కిందట, చేరిన నెలలోనే. "ఏ గదిలోంచి ఇచ్చినా నా ప్రింటర్లో ప్రింట్ రావాలమ్మా" అన్నారు ప్రిన్సిపాల్ గారు. వేరే దారి చేతకాక అన్నింటినీ ఒకటి చేశాను. ప్రింట్ వచ్చింది. శభాష్ అన్నారు. రెండేళ్లు ఎలాగో నడిచింది, ఆరు వందల మంది ఒకేసారి ఎక్కేసరికి కూలింది.

ఏప్రిల్ 11, శనివారం
విచారణ అయ్యేదాకా బాబాయ్‌ని రావద్దన్నారట. పదిహేడేళ్లుగా పనిచేస్తున్న మనిషిని.

చెప్పేద్దామని ప్రిన్సిపాల్ గది దాకా వెళ్లాను. "ఏంటమ్మా?" అన్నారు. "రేపు మెయింటెనెన్స్ చేసుకోవాలండీ..." అదీ నేను అన్నది. పిరికిదాన్ని. నాది కాంట్రాక్టు ఉద్యోగం. అమ్మ ఇంకా ఆగిరిపల్లి తోటల్లో కాయలు మోస్తోంది. జూన్‌లో రెన్యువల్.

ఏప్రిల్ 12, ఆదివారం
క్యాంపస్ ఖాళీ. ఒక్కదాన్నే. బ్లాకుల నెట్‌లన్నీ మళ్లీ విడదీశాను. మధ్యలో ఒక మాస్కు, అదే ఏ మెషీన్ ఏ గుంపుదో చెప్పే అంకె, తప్పు కొట్టాను, గర్ల్స్ హాస్టల్ మొత్తం నెట్‌లోంచి మాయం. ఇరవై నిమిషాలు. ఏడుస్తూనే వెతికాను. దొరికింది.

ప్రింటర్‌కి దారి వేయడం ఈసారి పది నిమిషాల పని. అప్పుడే నేర్చుకుని ఉంటే...

ఏప్రిల్ 13, సోమవారం
పరీక్ష అయింది. ఒక్క సిస్టమ్ కూడా ఆగలేదు.

ప్రిన్సిపాల్ గారు నవ్వుతూ - "చూశావా? ఆయన్ని పక్కన పెట్టగానే ఎంత బాగా నడిచిందో!"

నేను బాగు చేసింది బాబాయ్ మీద సాక్ష్యమై కూర్చుంది. ఇప్పుడు ఇంకా భయం.

ఏప్రిల్ 14, మంగళవారం
సెలవు. వాళ్ల ఊరు చాట్రాయి నుంచి బాబాయ్ ఫోన్. తిడతాడేమో అనుకుంటూనే ఎత్తాను.

"పరీక్ష బాగా జరిగిందంటగా అమ్మా. అయితే నా కత్తే తగిలుంటదిలే. నీకూ పని పెట్టాను. ఏమనుకోకు."

"అది కాదు బాబాయ్..." అక్కడితో ఆగిపోయాను.

"ఉంటానమ్మా" అని పెట్టేశాడు.

తప్పు తనదేనని నమ్మేశాడు. నిజంగానే నమ్మేశాడు.

రేపు పదింటికి ప్రిన్సిపాల్ గారు వస్తారు. ఏం చెప్పాలో తెలుసు. ఆ తలుపు తోస్తానో లేదో... తెలియదు.