మూత అంటించని బండి

అన్నా,

రేపు నీ సంవత్సరీకం. నువ్వు సగంలో వదిలిన జర్మన్ బండి బొమ్మను, యుద్ధంలో బురదలో దిగబడిన ట్యాంకులను లాగే ఆ బండిని, ఈ మధ్యాహ్నం పూర్తిచేసి నీ ఫొటో పక్కన పెట్టాలనుకున్నాను. పైమూత ఒక్కటే మిగిలింది. అంటించేచోట దుమ్ము పడుతుందని ఫ్యాను ఆపాను. ఈ ఎండకు జిగురు ఇట్టే ఆరిపోతుంది. మూత ఒకసారి అంటుకుంటే, లోపల నువ్వు అమర్చిన తీగ చుట్టే వించి మళ్లీ ఎవరికీ కనిపించదు. మంగంపేట గనిలో నువ్వు నడిపిన క్రేనుకు ఉన్నట్టే, దాని గేర్ల మీద నూనె మరకలు కూడా వేశావు.

అంచులకు జిగురు రాసి మూత ఎత్తాను. అప్పుడే అమ్మ వచ్చింది.

"ఫ్యాన్ ఆపుకొని ఏం చేస్తాండావు పాపా?"

"మూత అంటిస్తాండా మా. ఇంక తెరిచేకి కాదు."

"పొద్దంతా ఇరుక్కున్న లారీలు లాగొచ్చి, ఇంట్లోనూ ఇదే పని వానికి," అని ఎప్పటిలాగే నీ మీద విసుక్కుంది. తర్వాత, "ఆగు, చూడనీ," అంటూ కళ్లజోడు పెట్టుకుంది. నువ్వుండగా ఈ బొమ్మ వైపు తొంగి కూడా చూడలేదు.

"ఈ తీగ లాగితే తిరుగుతాదా?"

నాకు తెలియదు. నువ్వెప్పుడూ చెప్పలేదు. తెగుతుందేమోనని భయమేసింది, కానీ వద్దనలేకపోయాను. అమ్మ గోటితో మెల్లగా లాగింది. లోపల తీగ చుట్టిన డ్రమ్ము తిరిగింది.

"తిరుగుతాండాది," అంది, నా వైపు చూడకుండా.

జిగురు ఎప్పుడో ఆరిపోయింది. మూత పక్కన పెట్టి నేనిది రాస్తున్నాను. అమ్మ తీగను మళ్లీ చుట్టి, మళ్లీ లాగుతోంది.