పంటు పేరాకు ఏ శీర్షిక

జూన్ 23, సోమవారం
ఊళ్ళ వికీలో పదకొండో పేజీ పూర్తయింది — అంతర్వేది. చూపు పోకముందు మా ఆయన తన బడి పిల్లల కోసం మొదలుపెట్టిన పని. ఇప్పుడు టైపు చేసేది నేను, తప్పులు పట్టేది ఆయన. ఫోను చదివి వినిపిస్తుంది. వేలితో తోస్తూ శీర్షిక నుంచి శీర్షికకు గెంతుకుంటూ పోతారు.

జూన్ 24
సఖినేటిపల్లి రేవులో పంటు, అదే బళ్ళనీ మనుషుల్నీ దాటించే బల్లకట్టు పడవ, ఎక్కి గోదావరి దాటడం గురించి ఒక పేరా రాసి విడిగా పెట్టాను. ఏ ఊరి పేజీలో దాని పేరు రాసి పిలిస్తే అందులోకి అదే వచ్చి కూర్చుంటుంది. వేళలు మారితే ఒక్కచోట దిద్దితే చాలు. నా భుజం నేనే తట్టుకున్నాను.
దానికి శీర్షిక మూడో స్థాయిలో, అంటే లోపలి చిన్న శీర్షికగా పెడితే అక్షరాలు బక్కగా కనిపించాయి. ఒక మెట్టు పైకి, రెండో స్థాయి చేశాను. నిండుగా ఉంది.

జూన్ 27
హెడ్మాస్టరుగారు వచ్చారు. "సెలవు అయిపోవస్తోందండీ మాస్టారూ. పై సోమవారం కాకుండా ఆ పై సోమవారం ఎనిమిదో తరగతికి ఒక్క పాఠం చెప్పి చూడండి. మీకు వీలనిపిస్తేనేనండీ..."
"ఆయ్. చెప్తానండీ."
గోదావరి పాయల పాఠం, మన వికీ వింటూ చెబుతారట. పక్కన కూర్చుని నేను అందించక్కర్లేదట.

జూన్ 30
పొద్దున వికీ వింటూ వింటూ మధ్యలో ఆపేశారు. ఫోను బోర్లించి పెట్టారు.

జూలై 2
అడగ్గా అడగ్గా చెప్పారు. "రవాణా అని వస్తుంది. దాని కింద ఏమీ ఉండదు. తర్వాత పంటు, అదేదో వేరే సంగతిలాగ. మళ్ళీ మొదటికెళ్తాను... కళ్ళు పోయేయి సరే, బుర్ర కూడా పోతోందేమో రత్నం."
తల నిమిరాను.

జూలై 3
తప్పు నాది.
రవాణా రెండో స్థాయి. దాని లోపల ఉండాల్సిన పంటు కూడా రెండో స్థాయే. కంటికి ముచ్చటగానే ఉంది. చెవికి మాత్రం పిల్ల తల్లిని వదిలేసి పక్కింటిదైపోయింది. మూడో స్థాయికి దించాను. పది పేజీలు కుదిరాయి. సఖినేటిపల్లి పేజీ చెడింది — అక్కడ పంటు ఎవరి కిందా ఉండేది కాదు, దించేసరికి పైనున్న కొబ్బరి వ్యాపారంలో కలిసిపోయింది.

జూలై 4
మామూలు సందేహంలా ఆయన్నే అడిగాను. ఒకే పేరా అన్ని పేజీల్లోకీ వెళ్ళాలంటే శీర్షిక ఏ స్థాయిలో పెట్టాలండీ, అని.
నవ్వారు. ఎన్నాళ్ళకో. "దానికసలు శీర్షిక ఎందుకు? పక్కింటికి కూర పంపితే కూరే పంపుతాం. కంచాలు వాళ్ళింట్లో ఉంటాయి కదా."
పేరాలోంచి శీర్షిక తీసేశాను. ఏ పేజీకి తగ్గది ఆ పేజీలోనే రాశాను. కళ్ళు మూసుకుని పదకొండూ విన్నాను. బాగున్నాయి.
నావల్లే జరిగిందని మాత్రం చెప్పలేదు.

జూలై 5
విన్నారు. "ఇవాళ సరిగ్గానే వచ్చింది. మొన్న నేనే ఎక్కడో నొక్కేసుంటాను."
వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

జూలై 6, ఆదివారం
చర్చి నుంచి వస్తూ ఆటోలో చెప్పేశాను. "మీ తప్పు కాదండీ. శీర్షిక నేనే పెద్దది పెట్టేను, అందంగా ఉందని."
రాజోలులో ఆటో దిగాం. గుమ్మంలో ఆగి — "వారం రోజులు నన్ను నేను నమ్మలేదు రత్నం." అంతే.
అన్నం తిన్నారు. కూర బాగుందనలేదు. రోజూ అంటారు. తిట్టినా బాగుండేది. నొచ్చుకుంటారని దాచానని నాకు నేను చెప్పుకున్నాను. కాదు, నా మీద కోపం వస్తుందనే దాచాను.

జూలై 7
బడి వరండాలో బెంచీ మీద రాస్తున్నాను. మెట్ల దాకా నా భుజం పట్టుకునే వచ్చారు. తరగతి గుమ్మం దగ్గర చెయ్యి తీసేసి, "ఇక్కడే ఉండు, లోపలికి రాకు" అన్నారు. కోపంతో అన్నారో, ధైర్యంతో అన్నారో...
ఒక చెవిలో ఫోను తీగ. ఆయన గొంతు బయటికి వినబడుతోంది. వశిష్ఠ పాయ... అటు నరసాపురం... ఇటు మనం...
ఆగిపోయింది. వేలు ఎక్కడికి వెళ్ళిందో. వేరే తప్పేమైనా వదిలేశానా...
పిల్లలు నవ్వారు. ఆయనతో కలిసో, ఆయన్ని చూసో, ఇక్కడి నుంచి తెలియడం లేదు. లేవబోయి మళ్ళీ కూర్చున్నాను.