ఒక గదా, రెండు గదులా

అత్తయ్యా, డ్యూటీకి వెళ్తున్నాను. కూర పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకోండి. మన విదేశీ ప్రయాణానికి హోటల్ గది ఈ సాయంత్రంలోగా ఖాయం చేయమని ట్రావెల్స్ వాళ్లు ఫోన్ చేశారు. నాకేమీ పాలుపోవడం లేదు. చవక గదికి కిటికీ లేదు, మీకు ఊపిరాడదు. సముద్రం కనిపించే గది తీసుకుంటే, "పడుకోవడానికి అంత పోయాలా?" అని ప్రయాణమంతా సాధిస్తారు. అదే డబ్బుతో చవకవి రెండు వస్తాయి కానీ, వేరు పెట్టానని అలుగుతారేమో. మొన్న అడిగితే "నీ ఇష్టం" అని టీవీ వైపు తిరిగారు. అది అవునో కాదో నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నం ఫోన్ చేస్తాను, ఏదో ఒకటి చెప్పండి.

ఇంకోమాట. మీ గురక గురించి మొహమాటపడకండి. మీ అబ్బాయి పోయాక, పక్కగదిలోంచి అది వినిపిస్తేనే నాకు నిద్ర పడుతోంది. ఒకే గది చాలు. కిటికీ ఉన్నదే.