ఆదివారం రాయని చెల్లు

కృష్ణా జిల్లా కంకిపాడు కాపురస్తుడు, రిటైరైన దస్తావేజు లేఖరి, డెబ్బై నాలుగేళ్ల గుడిపూడి సొలొమోను అను నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వహస్తంతో రాసుకున్న వీలునామా. కిడ్నీలు పాడయ్యాయి గాని బుర్ర పాడవలేదు. నలభై ఏళ్లు ఊళ్లోవాళ్ల వీలునామాలు రాసినవాణ్ణి, ఏ మాట ఎక్కడ పెట్టాలో ఒకరు నాకు చెప్పనక్కర్లేదు. ఇంతకుముందు నేను రాసింది ఏదైనా దొరికితే అది రద్దు. దీన్ని అమలు జరిపే బాధ్యత అడ్వొకేటు భానుశ్రీ గారిది. ఆవిడే ఎందుకో కింద తెలుస్తుంది.

1. నా రెండు గదుల పెంకుటిల్లు, నా భార్య కీర్తిశేషురాలు మార్త కుట్టు మెషీను, నా ఏకైక కుమార్తె శాలినికి. మెషీనుకు నెలకోసారి నూనె వెయ్యి తల్లీ. మీ అమ్మ పోయాక నేనే వేస్తున్నాను. ఎవరూ కుట్టకపోయినా వేస్తున్నాను.

2. రిజిస్ట్రారు ఆఫీసు బయట నేను కూర్చున్న బల్లను సాటి లేఖరి యేసుకుమార్ పన్నెండేళ్ల కిందట అడక్కుండా పట్టుకుపోయాడు. అది అతనికే. దాని ఒక కాలు కుంటిది, ఈపాటికి తెలిసే ఉంటుంది.

3. బ్యాంకులో ఉన్న ఏడు లక్షలూ శాలినికి రావాలి. రావు. నేను పోయాక వాటిని మరియదాసు మీద వచ్చిన డిక్రీ కింద కోర్టులో కట్టాలి. కారణం ఇది.

మరియదాసు మా ఊళ్లో ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. భార్య గుండె ఆపరేషన్‌కు 2018లో నా బావమరిది జాన్సన్ దగ్గర నాలుగు లక్షలు అప్పు తీసుకున్నాడు. ప్రాంసరీ నోటు రాసింది నేనే. 2021 ఏప్రిల్ 18న నేనూ జాన్సనూ చర్చి నుంచి మా ఇంటికి వచ్చేసరికి మరియదాసు మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నగలు, రెండు గేదెలు అమ్మి తెచ్చిన డబ్బు, వడ్డీతో సహా, నా ఎదుటే జాన్సన్ చేతిలో పెట్టాడు. నోటు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర జాన్సన్ ఇంట్లో ఉంది. అది వచ్చేదాకా డబ్బు ముట్టినట్టు ఒక కాగితం ముక్క రాసిమ్మని మరియదాసు నన్నడిగాడు.

ఆదివారం నేను కలం పట్టను. అది నా నియమం. చర్చిలో అందరూ మెచ్చుకునేవారు, వాళ్లలా మెచ్చుకోవడం నాకూ ఇష్టంగా ఉండేది. "రేపు నోటు వెనకాలే చెల్లు రాసేద్దాంలే" అన్నాను. "మీరున్నారుగా అన్నయ్యా" అని వెళ్లిపోయాడు. సోమవారం జాన్సన్‌కు జ్వరం వచ్చింది. శనివారానికి కరోనాతో పోయాడు. నోటు వెనక తెల్లగానే ఉండిపోయింది.

జాన్సన్ కొడుకు ఫిన్నీ ఆ నోటు మీద దావా వేశాడు. ఫిన్నీ శాలిని భర్త, మార్త కోరి చేసిన మేనరికం. మరియదాసు కట్టిన డబ్బు జాన్సన్ ఆస్పత్రి ఖర్చులకే అయిపోయిందని అతనికి తెలుసో లేదో నేను అడగలేదు. నా సాక్ష్యానికి ముందు రోజు శాలిని ఫోన్ చేసి, "నేను ఆ ఇంట్లోనే బతకాలి నాన్నా" అంది. తప్పు దానిది కాదు.

కోర్టులో మరియదాసు తరఫున భానుశ్రీ గారు చెల్లు రాశారా అని అడిగితే, రాయలేదండి అన్నాను. అది నిజం. మీ ఎదుట డబ్బు ముట్టిందా అని అడిగితే, గుర్తు లేదండి అన్నాను. అది అబద్ధం. మరియదాసు నా వైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. నిరుడు డిక్రీ వచ్చింది, ఖర్చులతో కలిపి ఆరు లక్షల ఎనభై వేలు. అతని ఇల్లు సెప్టెంబరు 22న వేలం.

4. ఇక్కడిదాకా రాసి ఆగాను. డాక్టరు నాకు క్రిస్మస్ దాకా గడువిచ్చాడు. నేను పోతే గాని ఈ కాగితం పనికి రాదు. అప్పటికి మరియదాసు సామాను రోడ్డు మీద ఉంటుంది. ఇది నాకు తెలియక కాదు. చచ్చాక అయితే శాలిని ముఖం చూడక్కర్లేదని, మళ్లీ రేపు అన్నాను, అంతే.

కాబట్టి మూడో అంశంలోని ఏర్పాటు రద్దు. మరియదాసు పేర ఏడు లక్షలకూ చెక్కు ఇప్పుడే రాశాను. జరిగింది వేరే కాగితం మీద కూడా రాసి, సంతకం పెట్టి, రెండూ భానుశ్రీ గారికి జెరాక్స్ షాపు అష్ఫాక్‌తో పంపిస్తున్నాను. అబద్ధపు సాక్ష్యానికి శిక్ష ఉంటే వేయించండమ్మా. ఫిన్నీ, ఈ డబ్బు మీ ఇంటికి రెండోసారి వస్తోంది, తీసుకోవాలో వద్దో నువ్వే చూసుకో. శాలినీ, నీకు నేను చేసిన అన్యాయం ఇదొక్కటే, క్షమించు.

5. నా నల్ల ఇంకు పెన్ను మరియదాసుకు. అతనికి రాయడం పెద్దగా రాదు. అయినా అతనికే.

సాక్షులకు ఏమీ రాసివ్వకూడదు కాబట్టి అష్ఫాక్‌కు ఏమీ లేదు. పాత జెరాక్స్ బాకీ అరవై రూపాయలు మాత్రం ఇవాళే ఇచ్చేశాను.

మరియదాసు బాకీ అసలు, వడ్డీ సహా నా ఎదుట పూర్తిగా చెల్లు.

(సం.) గుడిపూడి సొలొమోను

సాక్షులు:
1. షేక్ అష్ఫాక్, జెరాక్స్ షాపు, కంకిపాడు
2. కొడాలి మాణిక్యం, రిటైర్డ్ టీచరు, కంకిపాడు

రాసిన రోజు: 2025 ఆగస్టు 17, ఆదివారం.